ఊకొట్టడం ఒప్పుకోవడం కాదు

అబద్ధం నోటిమాటగా తిరిగినంత కాలం దానికి జవాబు చెప్పనక్కరలేదని ఊరుకోవచ్చు. అది అట్టకట్టిన పుస్తకంలోకి ఎక్కి మన ఇంటి బల్లమీద కూర్చున్నప్పుడు కూడా ఊరుకుంటే, ఆ అబద్ధానికి మనమే సాక్షి సంతకం పెట్టినట్టు. నేను పదిహేడేళ్లు పనిచేసిన సంస్థ, తన పూర్వపు అధ్యక్షుడి ఉద్యోగజీవితాన్ని కీర్తిస్తూ ఒక పుస్తకం వేసింది. ఆయన జపాను దేశస్థుడు. ఇంజనీరుగా సింగపూరు వచ్చి అధిపతిగా వెళ్లినవాడు. ఆ పుస్తకంలో ఒక పేజీలో నేనున్నాను. పేరు లేదు, తనిఖీ విభాగపు అధిపతి అని మాత్రం ఉంది. ఆ అధిపతి ఒక తప్పుడు పనికి ఫోనులో అంగీకరించాడనీ, ఆ తప్పును ఈ మహానుభావుడు తన నెత్తిన వేసుకున్నాడనీ ఉంది. నేను అంగీకరించలేదు. ఆ ఒక్క సంగతి నమోదు చేయడానికే ఇది రాస్తున్నాను.

పుస్తకం సింగపూరులో క్లెమెంటి పేటలోని మా ఇంటికి పోస్టులో వచ్చింది. మా దగ్గరే ఉంటూ ఇంజనీరింగు చదువుతున్న మనవరాలు నాకంటే ముందు దాన్ని తిరగేసి, ఆ పేజీ తెరిచి నా ముందు పెట్టి, మాట చివర 'లా' తగిలించే సింగపూరు ఇంగ్లీషులో అడిగింది.

"తాతా, దిస్ వన్ యూ, ఆ?"

"నేనే."

"సో యూ సెడ్ ఎస్ లా."

"అనలేదమ్మా."

"బట్ ఇట్స్ ఇన్ ద బుక్, తాతా."

రాతలో ఉన్నదానికే విలువ ఇవ్వమని ఆ పిల్లకు అక్షరాలు వచ్చిన నాటినుంచీ నేర్పినవాణ్ణి నేనే. ఇక ఏమని వాదించను?

ఆయన తువాస్‌లోని మా కర్మాగారానికి వచ్చిన మొదటి ఉదయం నాకు స్పష్టంగా గుర్తుంది. ఓడల్లో వేడినీటికీ ఆవిరికీ వాడే వాల్వులు మేము తయారుచేసేవాళ్లం. కాకినాడలో పాలిటెక్నిక్ చదివి వచ్చిన నేను అప్పటికే తనిఖీ విభాగానికి పెద్దను. ఆయనకు ముప్పై అయిదేళ్లుంటాయి, నాకంటే అయిదారేళ్లు చిన్న. కంపెనీ బస్సు దిగి ఆఫీసులోకి పోకుండా తిన్నగా యంత్రాల మధ్యకు వెళ్లి, గొంతుకూర్చుని, నేలమీది ఇనుపరజను వేలితో తీసి వెలుతురుకు పట్టి చూశాడు. వారం రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. రెండో వారం నా రిజిస్టర్లు తెప్పించుకుని, నేను రాసే ఒకటి అంకె ఏడులా ఉందని చెప్పి, ఒక పేజీ నిండా నా చేత ఒకట్లు రాయించాడు. నలభై దాటినవాణ్ణి, బడిపిల్లవాడిలా కూర్చుని రాశాను. అవమానమనిపించలేదు. క్రమమంటే తెలిసిన మనిషి ఒకడు దొరికాడనిపించింది. ఆయన మొదటినుంచీ పనికిమాలినవాడైతే నేను ఇన్ని కాగితాలు ఖర్చుచేసేవాణ్ణి కాదు. పనికొచ్చేవాడు కావాలని చెడిపోవడమే నేను క్షమించలేనిది.

వాల్వులో నీళ్లు నింపి, ఒత్తిడి పెట్టి, ముప్పై నిమిషాలు అలాగే ఉంచి, చుక్క కారకపోతేనే పాస్ చేయడం మా పద్ధతి. ఆ ముప్పై నిమిషాలూ ఆయన వాల్వు ముందు చేతులు వెనక్కి కట్టుకుని నిలబడేవాడు. ఒకసారి సరిగ్గా ఇరవై ఎనిమిదో నిమిషాన ఒక వాల్వు అంచున చెమ్మ పుట్టడం ఇద్దరం కలిసి చూశాం. ఆయన గడియారం నాకు చూపించి, ఈ రెండు నిమిషాల కోసమే ఆ ముప్పై అన్నాడు. ఎవరైనా "చూశాం సార్, బాగానే ఉంది" అంటే ఒప్పుకునేవాడు కాదు. "వాయిస్ ఈజ్ నాట్ రికార్డ్" అనేవాడు. మాట గాలిలో పోతుంది, కాగితం తెమ్మనేవాడు. తెచ్చిన కాగితం మీద తన చిన్న గుండ్రటి ఎర్రముద్ర వేసే ముందు వాల్వును అరచేత్తో ఒకసారి తడిమేవాడు.

ఆ రోజుల్లోనే, క్యాంటీనులో, ఆయన నన్నొక ప్రశ్న అడిగాడు. "నేను మాట్లాడుతున్నంతసేపూ మీరు ముక్కుతో ఒక శబ్దం చేస్తారు. అదేమిటి?"

"ఊఁ, సార్. మా ఇళ్లలో పెద్దవాళ్లు కథ చెబుతుంటే పిల్లలు ఊకొట్టాలి. ఊకొట్టకపోతే కథ ఆగిపోతుంది. వింటున్నానని చెప్పడం, అంతే."

ఆయన పగలబడి నవ్వాడు. నేను చూసిన నవ్వు అదొక్కటే. తమ భాషలోనూ అంతేనట. అవతలివాడు మాట్లాడుతుంటే "హై, హై" అంటూ ఉండాలట. దాన్ని అంగీకారమనుకుని పరదేశీయులు ఎన్నో చిక్కుల్లో పడ్డారట. మరునాటి ఉదయం అందరూ వరుసల్లో నిలబడి ఉండగా ఆయన బాహాటంగా ప్రకటించాడు: "నేను హై అంటే విన్నానని మాత్రమే అర్థం. ఈయన ఊఁ అన్నా అంతే. ఎవరూ పొరబడవద్దు." వందమందికి పైగా విన్నారు. అందుచేత, తర్వాతి రోజుల్లో ఆయనకు నా ఊఁ అర్థం కాలేదని ఎవరైనా వాదిస్తే నేను వినదలచుకోలేదు. భూమ్మీద ఆ శబ్దం అర్థమైన పరదేశి ఒక్కడుంటే అది ఆయనే.

పైకెక్కడం త్వరగానే జరిగింది. కర్మాగారానికి మేనేజరయ్యాడు. నాలుగేళ్లకు రాఫెల్స్ ప్లేస్‌లోని ప్రాంతీయ కార్యాలయానికి అధిపతిగా వెళ్లాడు. ఏరు దాటాక తెప్ప తగలేసేవాళ్లను నేను చాలామందిని చూశాను. ఈయన తగలేయలేదు. తన పాత మైక్రోమీటరును గాజుపెట్టెలో పెట్టించి, గది గుమ్మం పక్కన అలంకరించి, వచ్చిన ప్రతి ఖాతాదారుకీ చూపించాడు. దానితో మళ్లీ దేన్నీ కొలవలేదు. తువాస్‌కు నెలకొకసారి వచ్చి, కిటికీ అద్దం వెనకనుంచి మమ్మల్ని చూసి వెళ్లేవాడు. వాల్వును తడమడం మాని, వాల్వుల మీద గీసిన రంగురంగుల చార్టులను తడమడం మొదలుపెట్టాడు. ఆయన నోట "సరిగా" అన్న మాట తగ్గి "త్వరగా" అన్న మాట పెరిగింది. జపాను క్రమశిక్షణ అంటూ ఊళ్లో మనవాళ్లు ఆయన్ను పొగుడుతుంటే నాకు ఒళ్లు మండేది. క్రమశిక్షణ వాల్వు పక్కన నిలబడుతుంది, గాజుపెట్టెలో ఉండదు.

ఒక శుక్రవారం మధ్యాహ్నం ఆయన పరీక్షాగదికి ఫోను చేశాడు. గదిలో నాతోపాటు మా టెక్నీషియన్ ఒకామె ఉంది. ముత్తాతల నాడే విశాఖ తీరం వదిలి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ కుటుంబం. ఆమె తెలుగులో సగం తమిళం, కొంత మలయ్.

"ముప్పై నిమిషాల పరీక్ష పాత అలవాటు" అన్నాడు ఆయన.

"ఊఁ."

"ఇప్పటి వాల్వుల సీళ్లు మంచివి. పది నిమిషాలు చాలు."

"ఊఁ."

"సరుకు ఆదివారం ఓడరేవుకు చేరాలి. నా పరిస్థితి మీకు తెలుసు."

"ఊఁ."

ఆయన ఊపిరి తీసుకునే సందు దొరికాక అడిగాను. "సార్, ఇరవై ఎనిమిదో నిమిషం గుర్తుందా?"

"వెరీ గుడ్ మెమరీ" అన్నాడు, మెచ్చుకోలుగా.

"సోమవారం మీటింగులో మాట్లాడదాం సార్. అప్పటిదాకా ముప్పై నిమిషాలే."

"హై, హై" అన్నాడు. ఫోను పెట్టేశాం.

టెక్నీషియన్ నవ్వింది. "ఏటంకుల్, పాటి దగ్గర కూర్చుని అమ్మమ్మ కథ వింటున్నట్టు అన్ని ఊఁలు కొట్టేశారు? ఆ జపాన్ పెరియవర్ ఒక్కో ఊఁకి ఒక్కో పెట్టె పంపించేస్తాడు చూడండి లా."

"పని చూడమ్మా" అన్నాను.

"చూస్తన్నా. మీరు క్యాంటీనుకెళ్లి మకాన్ చేసి రండి, కడుపు నిండితే కోపం తగ్గుద్ది."

సోమవారం నేను వచ్చేసరికి పెట్టెలు లేవు. తనిఖీ విభాగం ఒప్పుకుందని రాఫెల్స్ ప్లేస్ నుంచి కబురొచ్చిందట. మాకు సెలవైన శని ఆదివారాల్లో సరుకంతా పది నిమిషాల పరీక్షతో వెళ్లిపోయింది. సర్టిఫికెట్ల మీద నా ముద్ర లేదు, ప్రాంతీయ కార్యాలయం ముద్ర ఉంది. ఆ గంటలోనే నా అభ్యంతరాన్ని రాతపూర్వకంగా పంపాను. ఒక వాక్యంలో జవాబొచ్చింది: శుక్రవారం ఫోనులో మీరు అంగీకరించియున్నారు. కాగితం లేనిదే నమ్మని మనిషి, గాలిలో పోయిన శబ్దాన్ని పట్టుకుని కాగితం మీద ఎక్కించాడు.

ఆయన "హై"ని నేనూ ఒప్పుదలగా తీసుకున్నాను కదా, ఇద్దరిదీ ఒకే పొరపాటు కదా అని నాతో ఒక మిత్రుడు అన్నాడు. ఒకటి కాదు. నేను పొరబడ్డాను. ఆయన పొరబడలేదు, వాడుకున్నాడు.

మూడు నెలలకు ఒక ఓడ ఇంజనుగదిలో ఆ సరుకులోని వాల్వు ఒకటి కారింది. ఆవిరి తగిలి ఒక కార్మికుడి ముంజేయి కాలింది. ఆ మనిషి ఎవరో పుస్తకంలో లేదు. నేనూ ఆనాడు అడిగి తెలుసుకోలేదు. అది నా దోషమే, దానికి సంజాయిషీ లేదు.

ఓడ యజమానుల ఆఫీసుకు ఆయన నన్ను వెంటబెట్టుకుని వెళ్లాడు. లిఫ్టులో "మీరు మాట్లాడనక్కరలేదు" అన్నాడు. లోపల, బల్ల చుట్టూ కూర్చున్న వారి ముందు నిలబడి, తన తనిఖీ అధిపతి సద్బుద్ధితోనే ఒప్పుకున్నాడనీ, అతని తప్పు తన తప్పేననీ చెప్పి, నడుము దగ్గర రెండుగా మడిచినట్టు వంగాడు. చాలాసేపు లేవలేదు. ఎవరో గొంతు సవరించుకున్నారు. కాలిన చేయి నా మనసులో ఉంది. పక్కన పెద్దమనిషి వంగి ఉండగా నిటారుగా నిలబడడం అమర్యాదనిపించింది. నేనూ వంగాను. ఆ గదిలో నేను చేసిన సంజ్ఞకు ఒకే అర్థం ఉందని లేచాక గానీ తెలియలేదు. తప్పు ఒప్పుకున్నవాడే వంగుతాడు.

ఆ వంపు ఆయనకు కీర్తి తెచ్చింది. ప్రధాన కార్యాలయం దాకా పాకింది. కిందివాడి తప్పును మోసిన నాయకుడన్నారు. రెండేళ్లు తిరగకుండా సంస్థకు అధ్యక్షుడయ్యాడు. నాకు హెచ్చరిక ఉత్తరం వచ్చింది. పరీక్షాగది తాళాలు తీసుకుని, కొత్తగా చేరినవాళ్లకు భద్రతాసూచనలు చదివి వినిపించే పని ఇచ్చారు. పదవీ విరమణ దాకా అదే చదివాను. ఆయన వంగిన నడుము మీద బరువు లేదు. బరువంతా నా మీద ఉంది.

పుస్తకం వచ్చాక ఆయనకు ఉత్తరం రాశాను, ఆ వాక్యం సరిచేయమని. తన జీవితకథను చదివినందుకు ధన్యవాదాలు తెలిపే అచ్చుకార్డు ఒకటి వచ్చింది. ఎర్రముద్ర ఉంది. అది కూడా అచ్చువేసినదే.

ఊకొట్టడం వేరు, ఒకదానికి ఊఁ అనడం వేరని తెలుగువారికి చెప్పనక్కరలేదు. మొదటిది విన్నందుకు, రెండోది ఒప్పుకున్నందుకు. శబ్దం ఒకటే. అడిగినదాన్ని బట్టి అర్థం మారుతుంది. ఆ శుక్రవారం ఆయన నన్ను అడగలేదు, చెప్పాడు. ఇదంతా మనవరాలికి వివరించాను. శ్రద్ధగా విన్నది. ఆపైన, నేను ఎదురుచూడని ప్రశ్న వేసింది.

"ఓకే, ఊఁ ఈజ్ నాట్ ఎస్. బట్ తాతా, ఫోన్ పెట్టేముందు యూ ఆల్వేస్ సే 'సరే సరే, ఓకే ఓకే', నో?"

"అది సెలవు తీసుకోవడం. ఉంటానని చెప్పడం."

"ఐ నో. బట్ దట్ డే, డిడ్ యూ?"

నాకు గుర్తు లేదు. "సోమవారం మాట్లాడదాం" అన్నది గుర్తుంది, ఆయన "హై" అన్నది గుర్తుంది. ఆ తర్వాత రిసీవరు పెట్టేలోగా నా నోటి నుంచి ఏం వచ్చిందో గుర్తు లేదు. యాభై ఏళ్ల అలవాటు ఆ ఒక్కరోజు తప్పిందని ప్రమాణం చేయలేను. ఇంగ్లీషు సంభాషణ చివర వచ్చిన ఆ "ఓకే"కి మన తెలుగు అర్థం ఆయనకు నేనెన్నడూ చెప్పలేదు కూడా. అయినా ఆయన కాగితం అడగవలసింది అనే నా ఆరోపణను నేను వెనక్కి తీసుకోవడం లేదు. కానీ "నేను అంగీకరించలేదు" అని పైన రాసిన వాక్యానికి నా జ్ఞాపకం ఒక్కటే ఆధారమనీ, ఆ జ్ఞాపకంలో ఒక్క క్షణం ఖాళీ ఉందనీ చదివేవారికి తెలియాలి.

ఆ గదిలో ఉన్న టెక్నీషియన్ మరుసటి ఏడాదే వేరే సంస్థకు వెళ్లిపోయింది. ఇప్పుడెక్కడుందో నాకు తెలియదు. ఇది ఆమె కంటపడితే, లేదా ఆమెను ఎరిగినవారెవరైనా చదివితే, ఆనాడు నేను చివర ఏమన్నానో తెలియజేయమని ప్రార్థన. జపాను భాష బాగా తెలిసినవారు "హై" గురించి నేను రాసినది తప్పైతే దిద్దండి. తువాస్‌లో నాతో పనిచేసినవారు వరుసక్రమంలో గానీ, ఎవరు ఏమన్నారన్నదాంట్లో గానీ పొరపాట్లు చూపండి. నోటిమాటగా కాదు, రాసి పంపండి. నాకు అనుకూలంగా ఉన్నా, వ్యతిరేకంగా ఉన్నా, ఒక్క అక్షరం మార్చకుండా దీని కిందనే చేర్చుతాను.