అత్త కారు, బావ బిగించిన క్లచ్

ఆ రోజుల్లో మధ్యాహ్నాలు ఇప్పటికంటే పొడుగ్గా ఉండేవని నా నమ్మకం. భోజనాలైపోయి, వీధి తలుపులు చేరవేసి, విజయనగరమంతా ఓ పక్కకి ఒత్తిగిలి పడుకుంటే, నాలాంటి కాలేజీ పిల్లకి కలలు కనడం తప్ప వేరే పనేముంటుంది? చదువు కోసమని మా నాన్న నన్ను తన అక్కగారింట్లో, అంటే మా అత్తింట్లో ఉంచారు. (అత్తింట్లో అంటే మేనత్త ఇంట్లో అని. ఆ మాటకి రెండో అర్థం కూడా కలిస్తే బాగుండునని నాకు లోపల్లోపల ఉండేది. ఎందుకంటే అత్తకి ఒక కొడుకున్నాడు. పాలిటెక్నిక్ చదివేవాడు. సెలవులకి ఇంటికొచ్చాడంటే నేను జడ రెండుసార్లు వేసుకునేదాన్ని.)

మావయ్య గోనెసంచుల వ్యాపారం చేసి, ఒక నల్ల కారు కొని, దాన్ని అపురూపంగా చూసుకుని, హఠాత్తుగా పోయారు. ఏడాది దాటింది. డ్రైవరు వేరే చోట పనిలో చేరిపోయాడు. కారు మాత్రం పెరటి షెడ్డులోనే ఉండిపోయింది. అత్త రోజూ పొద్దున్నే పాత చీరముక్కతో దాన్ని తుడిచేది. అప్పుడప్పుడు ఇంజను తిప్పించేది కూడా. సాయంత్రాలు వెనక సీట్లో తన చోటున తాను కూర్చుని, చిక్కుడుకాయల ఈనెలు తీసుకుంటూ ఉండేది. కారు ఎక్కడికీ వెళ్ళేది కాదు. ఆవిడ ముఖం చూస్తే మాత్రం ఎక్కడో దూరాన, మంచి రోడ్డు మీద పోతున్నట్టుండేది.

అది చూసే మా నాన్నకి బెంగ పట్టుకుంది. ఒక శనివారం పొద్దున్నే శ్రీకాకుళం నుంచి దిగి, కాఫీ తాగుతూ అసలు మాట చెప్పారు.

"అక్కా, ఎన్నాళ్ళిలా తుడుచుకుంటూ కూకుంటావు? ఎవులు నడుపుతారు దీన్ని? మా వేపు మిల్లాయన ఒకడున్నాడు. రేపొస్తాడు. నచ్చితే కొనుక్కుని అట్టుకెళ్ళిపోతాడు."

అత్త చాలాసేపు గ్లాసు అంచు తుడిచింది. "నీ ఇష్టంరా తమ్ముడూ" అని లోపలికెళ్ళిపోయింది. ఆ పూట పప్పులో ఉప్పు వెయ్యలేదు. ఎవరమూ ఆ సంగతి ఎత్తలేదు.

కారుని పెరట్లో అటూ ఇటూ నడిపి చూడమని నాన్న, సెలవులకి వచ్చి ఉన్న బావకి పురమాయించి, చుట్టాలని చూడ్డానికి వెళ్ళారు. బావకి నడపడం వచ్చు, మావయ్యే నేర్పారు. స్టార్టు చేసి గేరు వెయ్యబోతే కారు గరగరమని పళ్ళు నూరింది. మళ్ళీ ప్రయత్నిస్తే, క్లచ్ పెడలు తొక్కే ఉన్నా, కారు దానంతటది ముందుకి జరిగి తులసికోట దగ్గరికి పోయింది. మెకానిక్కు కోసం మనిషిని పంపితే, బొబ్బిలిలో పెళ్ళికెళ్ళాడని కబురొచ్చింది.

"ఇది క్లచ్ తాలూకు జబ్బు" అన్నాడు బావ, చొక్కా చేతులు మడుస్తూ. (బావ చదివేది సివిల్. అంటే కల్వర్టులు, కాలవలు. అయినా నా కళ్ళకి అతనే పెద్ద ఇంజనీరు.) కింద కూర్చుని, పెడల్ని చేత్తో నొక్కి నాకు చూపించాడు. "సూడు, సగం దూరం ఊరికే పోతంది. బరువు తగలడం నేదు. ఇది తొక్కితే ఇంజనుకీ సక్రాలకీ సంబంధం తెగాల. వదిల్తే సంబంధం కలవాల. మన సంబంధం పూర్తిగా తెగడం నేదు, అదీ తంటా."

మన సంబంధం అన్నాడు! ఆ తర్వాత అతను చెప్పిన మెకానిజం అంతా నాకు వేణుగానంలాగే వినిపించింది.

కారుని షెడ్డులోకి వెనక్కి నెట్టి, చక్రాల కింద కర్రదిమ్మలు పెట్టి ఎత్తు చేసి, ఈతచాప పరిచి, బావ కిందికి దూరాడు. పానాలు అందించడానికని నేనూ దూరాను. అక్కడ వేరే లోకం. నూనె వాసన, ఎండుగడ్డి వాసన, షెడ్డు రేకు చిల్లుల్లోంచి జారిన ఎండ చుక్కలు మా పక్కన నేల మీద మెల్లగా నడుస్తున్నాయి. పెడల్ నుంచి వెనక్కి వచ్చిన కమ్మీ, దాని చివర మరలు, ఒక నట్టు, అది కదలకుండా ఇంకో నట్టు. ఆ రెండు నట్ల వంక బావ చూసినంత ప్రేమగా నా వంక ఎప్పుడైనా చూశాడా అని ఆలోచిస్తూ పడుకున్నాను.

"పెడలు తొక్కీవోళ్ళు కావాల" అన్నాడు బావ. "అమ్మా! ఒకసారి ఇలా రా."

అత్త వచ్చింది. ఎప్పట్లా వెనక తలుపు దగ్గరికి నడిచి, ఆగి, ముందు తలుపు తీసింది. మావయ్య సీట్లో ఆవిడ కూర్చోవడం అదే మొదటిసారి. మాకు కిందనుంచి ఆవిడ కనబడదు, గొంతు మాత్రమే వినబడుతుంది.

"తొక్కు అమ్మా. ఎలాగున్నాది?"

"నీళ్ళల్లో కాలెట్టినట్టున్నాదిరా. ఏటీ తగల్డం నేదు."

బావ నట్టు తిప్పాడు. "ఇప్పుడు?"

"ఇప్పుడు బురద తగిల్నట్టున్నాది."

మరికాస్త తిప్పాడు. "ఇప్పుడో?"

 పైన పెడలు కిందికీ పైకీ ఆడుతోంది. అడగకుండానే, మళ్ళీ మళ్ళీ. స్టీరింగు అటూ ఇటూ కదిలిన చప్పుడు. ఏదో సన్నగా కూనిరాగం. మావయ్య పోయాక అత్త గొంతులో పాట నేను వినలేదు. బావ పానా పట్టుకుని అలాగే ఉండిపోయాడు. 

కాసేపటికి బావ మెల్లగా, "కొంచెం ఖాళీ ఉంచాలేమో" అన్నాడు. "ఖాళీ ఎందుకు బావా? గట్టిగా బిగించీ" అన్నాను. (సంబంధం విషయంలో ఖాళీలు ఉండకూడదని నా అభిప్రాయం.) బిగించేశాడు. కారు దింపి చూస్తే గేరు వెన్నలో వేలు పెట్టినట్టు పడింది. పెరట్లో అటూ ఇటూ చక్కగా నడిచింది. మొహాల నిండా మసితో ఇద్దరం విజయం సాధించిన వాళ్ళలా నిలబడ్డాం. తీరా గేరు పడ్డాక గానీ, రేపు కారు వెళ్ళిపోవడానికి దారి వేసింది మేమేనని తట్టలేదు. అత్త తొంగి చూసి, "బాగయ్యిందా?" అంది. బావ పానాలు ఏరడం మొదలెట్టాడు, నేను చాప చుట్టాను.

మర్నాడు మిల్లాయన వచ్చారు. భారీ మనిషి. ఇద్దరు బావమరుదుల్ని వెంటబెట్టుకొచ్చారు, వాళ్ళూ భారీయే. కారు చుట్టూ తిరిగి మెచ్చుకుని, స్టీరింగు ముందు కూర్చున్నారు. బావమరుదులూ, నాన్నా కూడా ఎక్కారు. అత్త గుమ్మం దగ్గర నిలబడింది. కారు వీధిలో బానే వెళ్ళింది. చివర మెరక మొదలయ్యేసరికి ఇంజను భోరుమంది. మిల్లాయన ఇంకా తొక్కారు. ఇంజను ఇంకా అరిచింది. కారు మాత్రం ఆలోచనలో పడ్డ మనిషిలా నెమ్మదించి, ఆగి, చాలా మర్యాదగా వెనక్కి జారసాగింది. మాడు వాసన వీధంతా కమ్మింది.

"ఏటండీ ఇది!" అన్నారు మిల్లాయన చెమట తుడుచుకుంటూ దిగి. "సౌండు సూస్తే ఇమానం, నడక సూస్తే నత్త. నాకొద్దు బాబూ."

ఆయన కాఫీకి కూడా ఆగలేదు. నాన్న రుసరుసలాడుతూ, "ఎవుడ్రా దీన్ని బాగుసేసినోడు?" అని బావ మీదికి వెళ్ళబోతుంటే, గుమ్మంలోంచి నవ్వు వినిపించింది. అత్త. చెంగు నోటికడ్డం పెట్టుకున్నా ఆగడం లేదు, కళ్ళంట నీళ్ళు కారుతున్నాయి.

"ఆడ్నేటీ అనకు తమ్ముడూ. దానికి ఎళ్ళడం ఇష్టం నేదు, నాకూ నేదు. నాను అమ్మను. ఎవులు నడుపుతారని కదా అడిగావు? నానే నడుపుతాను."

నాన్న ఇంకో కాఫీ అడిగారు.

సాయంత్రం బావ, "మరీ బిగించీస్తే సంబంధం పూర్తిగా కలవదన్నమాట" అంటూ మళ్ళీ కిందికి దూరి, పెడలు మొదట్లో బొటనవేలంత ఊరికే ఆడేలా నట్టు వదులు చేశాడు. ఆ సెలవులన్నీ అత్తకి డ్రైవింగు నేర్పాడు. పిల్లలు కారు వెనక పరిగెత్తేవారు, పెద్దవాళ్ళు అరుగులెక్కేసేవారు. సెలవులు అయిపోయే ముందు అత్తే నడుపుతూ మమ్మల్ని భోగాపురం వేపు సముద్రానికి తీసుకెళ్ళింది. సరుగుడు తోటల్లోంచి గాలి, దూరంగా నీలంగా ఒక గీత, రోడ్డు మీద కళ్ళు తిప్పకుండా అత్త. బావ ముందు సీట్లో ఆవిడ కాళ్ళ వంకే చూస్తూ ప్రాణాలు బిగబట్టుకుని కూర్చున్నాడు.

తిరుగు ప్రయాణంలో అత్త ధైర్యం చూసి అతను వెనక్కొచ్చి నా పక్కన కూర్చున్నాడు. నేను వెంటనే నిద్ర నటించాను. పడుకున్న అమ్మాయి మొహం వంక అబ్బాయిలు ఎలా చూస్తారో కనిపెట్టాలని నా ఎత్తు. తీరా గాలికి, ఇంజను జోలకి, నిజంగానే నిద్రపట్టేసింది. లేచేసరికి మా వీధి మలుపు. నోరు తెరిచి పడుకున్నానని అత్త చెప్పింది.

బావ ఆ తర్వాత పార్వతీపురం వేపు కల్వర్టులు కట్టడానికి వెళ్ళి, అక్కడి పిల్లనే చేసుకున్నాడు. నేనూ మరో ఇంటికి వెళ్ళి, సుఖంగానే ఉన్నాను. ఆ దారంతా అతను నా వంక చూశాడో, కిటికీలోంచి కల్వర్టులు చూశాడో, ఇన్నేళ్ళయినా నాకు తెలీదు. అడగనూ లేదు. ఒక్కోసారి మధ్యాహ్నం పూట నడుం వాల్చినప్పుడు మాత్రం, బతుకులో అన్నిటికంటే మెలకువగా ఉండాల్సిన ఆ సాయంత్రాన అంత హాయిగా ఎలా నిద్రపోయావే అని ఆ పిల్లని అడగాలనిపిస్తుంది. నవ్వొచ్చి, నాకూ కునుకు పట్టేస్తుంది.