విస్తరి అంచున మూడో చిటికె

మా పుట్టింట్లో పోయినవాటిని లెక్క వేస్తే నాలుగు తేలతాయి. మా తాత తమ్ముడు ఒకటి. అతని పేరు రెండు. అతణ్ణి పూడ్చిన చోటు మూడు. అతని పొయ్యి దగ్గర ఎందరు పిల్లలు పెరిగారన్న లెక్క నాలుగోది. మనిషి పోయాక పేరు పోవడం అందరిళ్లలో ఉండేదే. మా ఇంట్లో పేరు ముందు పోయింది, మనిషి తరువాత పోయాడు.

మా నాయనమ్మ చెప్పింది ఇంతే. మా నాన్న ఉయ్యాలలో ఉన్న రోజుల్లో, ఇంకా పెళ్లి కాని చిన్నతాత తల్లాడ పక్క ఊరు విడిచి బొగ్గుబాయికి పోయాడు. అక్కడ ఎవరో ఒకాయన పేరు పనిలో ఎక్కి ఉంది, ఆయనకేమో బాయి దిగాలంటే వణుకు. చిన్నతాత ఆ పేరు తనదని చెప్పి దిగాడు. బాయి మీద బతికే కుటుంబాల్లో దీన్ని మారుపేరు అంటారు. పొద్దున పేరు పిలిచినప్పుడు పలికి పలికి, చివరికి అతను ఆ పేరు మనిషే అయ్యాడు. రాకపోకలు ఆగిపోయాయి. నాయనమ్మ అతణ్ణి ఎప్పుడూ "చిన్నోడు" అనే అనేది. కాబట్టి వదులుకున్న పేరేదో మాకు తెలియదు, పెట్టుకున్న పేరూ తెలియదు.

జూలూరుపాడులో మిషన్ కుడతాను. నా చదువు ఏడో తరగతితో ఆగింది. లెక్కలు నాకు బట్ట నేర్పింది. బట్ట వెడల్పు, అదే పన్నా, చూసి ఎన్ని జాకెట్లు వస్తాయో కత్తెర పెట్టకముందే చెప్పగలను. అలాంటి నాకు పుట్టింటి లెక్కలో ఒక కొమ్మ మొత్తం తెలియకపోవడం ఏళ్ల తరబడి గుచ్చుతూ ఉండేది. కొలతలివ్వడానికి వచ్చిన ముసలమ్మల్లో బాయి కుటుంబాలవాళ్లు ఎవరున్నా అడిగేదాన్ని. పేరు తెలియని మనిషిని ఏమని అడగాలి? నా దగ్గర ఉన్న ఆనవాలు ఒక్కటే, ఉప్పు.

మా తాత తల్లి పెట్టిన అలవాటు అది. ఏదో కరువులో అన్నంలోకి ఉప్పు తప్ప మరేమీ లేని రోజులు గడిచాయట. అప్పటి నుంచి మా ఇంట్లో ప్రార్థన కాగానే పెద్దవాడు కంచం అంచున ఉప్పు చిటికెలు విడివిడిగా పెడతాడు. తను పెరిగిన పొయ్యి దగ్గర ఎందరు పిల్లలు పెరిగితే అన్ని. కడుపున పుట్టారా, తెచ్చి పెంచారా అన్నది లెక్కలోకి రాదు. కూర ముట్టకముందు ఒట్టి అన్నంలో ఉప్పు అద్దుకొని మొదటి ముద్ద తినాలి. మా తాత ఎప్పుడూ రెండు చిటికెలు పెట్టేవాడు, ఒకటి తనది, ఒకటి కనిపించకుండా పోయిన తమ్ముడిది. మరే ఇంట్లోనూ ఈ పద్ధతి నేను చూడలేదు. మా అన్న కూడా బీపీ వచ్చాక మానేశాడు.

మా అన్న కూతురికి సంబంధం కుదిరింది. అబ్బాయికి తండ్రి తరువాత బాయిలో ఉద్యోగం వచ్చింది. తల్లి నర్సు. ఆమె పని దుమ్ముగూడెం దవాఖానాలో కాబట్టి ఇల్లు అక్కడే. ఇద్దరూ ముందే ఒకరినొకరు ఇష్టపడ్డారు, మేం పెద్దలం తరువాత కూర్చున్నాం. నిశ్చితార్థం జూలూరుపాడులో మా చర్చి ఆవరణలోనే చేశాం. భోజనాల దగ్గర నాకు ఎదురుగా అబ్బాయి తాత, వాళ్ల నాన్నకు నాన్న, కూర్చున్నాడు. విస్తట్లో వడ్డించిన ఉప్పును ఆయన వేలితో మూడు చిన్న కుప్పలుగా విడదీశాడు.

వడ్డించే ఆమె నవ్వింది. "ఏం తాతా, ఉప్పు సాలలేదా?"

"సాలింది బిడ్డా. ఒక్కకాడ ఉంటే కొట్లాడుకుంటయని పంచుతున్న."

అందరూ నవ్వారు. ఆయన మాత్రం కళ్లు మూసుకొని ఒట్టి అన్నం ముద్దలో ఉప్పు అద్దుకున్నాడు. నా చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

వియ్యాలవారి వరుసలో నాకు ఆయన మామ అవుతాడు. చేతులు కడుక్కునే చోట పట్టుకున్నాను.

"మామా, మీ నాయనది ఏ ఊరు?"

"బాయి."

"బాయికి రాకముందు?"

"బాయికి రాకముందు ఎవలన్న ఉంటరా?" అని నన్ను పైకీ కిందికీ చూశాడు. "నువ్వేం పని జేస్తవమ్మా?"

"మిషన్ కుడత."

"మరి గీ ఆరా తీసుడు ఎవలి పని?"

ఇంటికొచ్చి ఆలోచించాను. ఈయన చిన్నతాత కొడుకైతే మా నాన్నకు అన్నదమ్ముడు, నాకు మామ కాదు, చిన్నాయన. ఈయన కొడుకు నాకు అన్నదమ్ముడు. ఆ అబ్బాయీ మా అమ్మాయీ అన్నాచెల్లెళ్లు. ఇంటిపేరు వేరుగా ఉండటం నాకు ధైర్యం ఇవ్వలేదు. మారుపేరుతో ఇంటిపేరూ మారుతుంది కదా.

మా చర్చిలో పెళ్లికి ముందు మూడు ఆదివారాలు చాటింపు వేస్తారు. ఫలానావారికీ ఫలానావారికీ వివాహం నిశ్చయమైంది, అడ్డు తెలిసినవారు చెప్పండి, అని. మొదటి చాటింపు అయిన సాయంత్రం అన్నతో అన్నాను. అన్న ఏమీ అనకముందే వంటింట్లోంచి వదిన వచ్చింది.

"ఉప్పు సూసి సంబంధం ఇడగొడతవా వదినా? ఊర్ల అందరు ఉప్పే తింటున్నరు, అందరు మీ చిన్నతాత పిల్లలేనా?"

"ఇడగొడత అన్లే. అడుగుదాం అంటున్న."

"నాకు తెల్వదా? నీ కొడుక్కు చేసుకుందామని నీకు ఎప్పటి సందో ఉంది. పిల్ల వద్దన్నదని కడుపుల పెట్టుకున్నవ్."

అది పూర్తిగా అబద్ధమని అనలేను. మేనత్త కొడుక్కు మేనమామ కూతురు మా వాళ్లలో మొదటి వరుస. నా కొడుకు ఖమ్మంలో ట్రాక్టర్ల షోరూంలో చేస్తున్నాడు. రెండేళ్ల కింద అడిగాను, పిల్ల బావను అన్నలెక్క చూశానంది, అంతటితో వదిలేశాను. కానీ వదిలేశానని నేను ఎవరికి రుజువు చూపగలను? అన్న తల వంచుకొని టీ తాగాడు. ఆయన కూడా వదిన మాటే నమ్మినట్టు ఆ వంచిన తలలో నాకు కనిపించింది.

రెండో చాటింపు తరువాత మా అమ్మాయి పెళ్లి జాకెట్ల కొలతలంటూ షాపుకొచ్చింది. టేపు నా చేతిలో ఉండగా అడిగింది.

"అత్తా, నిజం చెప్పు. లెక్కనేనా, బావ కోసమా?"

"లెక్కనే."

"లెక్క తప్పయితే?"

"తప్పయితే నోరు మూసుకుంట."

"ఒప్పయితే?"

నేను టేపు మళ్లీ మొదటి నుంచి పట్టాను. పిల్ల కళ్లు నీళ్లతో నిండాయి. "ఒప్పయితే గూడ ముందు నాకే చెప్పు. చర్చిల లేవకు అత్తా" అంది.

మూడో ఆదివారానికి ముందు ఒక పొద్దున భద్రాచలం బస్సెక్కాను. వంతెన దాటాక బస్సు మారాలి. దుమ్ముగూడెం బస్సులో ముందు సీట్లవాళ్లు కోయ భాషలో మాట్లాడుకుంటున్నారు. ఒక్క ముక్కా అర్థం కాక, వాళ్లు నా గురించే అనుకుంటున్నారేమో అని కూడా నాకు తోచింది. ఆ రోజుల్లో నాకు అందరి మీదా అనుమానమే.

ముసలాయన వసారాలో మంచానికి నులక బిగిస్తున్నాడు. నర్సు కోడలు డ్యూటీకి వెళ్లింది. నన్ను చూడగానే ఆయన మొదట అన్న మాట: "ఫోను ఆ గోడ మీద పెట్టు."

"రికార్డు చేస్త అనుకుంటున్నవా మామా?"

"ఎవలు పంపిన్రో ఏమో. నా పింఛను ఉంది, పిల్లగాని నౌకరి ఉంది."

ఫోను దూరంగా గోడ మీద పెట్టి వచ్చాను. నా భయం ఏమిటో దాచకుండా చెప్పాను. ఉప్పు, చిన్నతాత, వరుస, మిగిలిన ఒక్క చాటింపు. చెబుతున్నంతసేపు ఆయన నులక లాగుతూనే ఉన్నాడు. చివరికి చేతులాపి, "మీ చిన్నతాతనే నన్ను సాదిండు" అన్నాడు.

ఆయన చెప్పిన కథ ఇది. పనిలో ఎక్కిన పేరు ఆయన కన్నతండ్రిది. పక్కన మనిషి మీద పైకప్పు కూలడం చూసి ఆ తండ్రి మళ్లీ బాయి దిగలేదు. వెదురు కొట్టడానికి అడవికి పోయి జ్వరంతో చనిపోయాడు. తల్లి అంతకుముందే లేదు. తండ్రి పేరు మీద బాయి దిగుతున్న చిన్నతాత, ఆ పేరుగలవాడి కొడుకును కూడా తన దగ్గరే ఉంచుకున్నాడు. అలా కాకపోతే పేరు పట్టుబడుతుంది. తరువాత చిన్నతాతకు పెళ్లయింది, ఒక ఆడపిల్ల పుట్టింది. ఆ పిల్ల పెళ్లి కాకముందే పోయింది.

"అంటే నీది మా రక్తం కాదు."

"ఇంటిపేరు నాదే, రక్తం నాదే. తిన్న అన్నం మీది."

సంబంధం నిలబెట్టడానికి ఇంతకన్నా మంచి మాట ఎవరూ చెప్పలేరు. అందుకే నేను వెంటనే నమ్మలేదు. చిన్నతాత వచ్చేనాటికి పెళ్లి కాలేదని మా నాయనమ్మ చెప్పింది. కాబట్టి ఈయన మా నాన్న కన్నా పెద్దయితే చిన్నతాత కొడుకు కాలేడు. చిన్నయితే కావచ్చు. బాయి కాగితాల్లో వయసులు ఎవరికి తోచినట్టు వారు రాయించుకున్నవే. వాటిని నేను లెక్కలోకి తీసుకోను.

"చిన్నతాత వచ్చిన దినం నీకు యాదికున్నదా మామా?"

ఆయన మొహం మొదటిసారి విచ్చుకుంది. "ఎట్ల మర్సిపోత? వాళ్ల అన్నకు కొడుకు పుట్టిండని తాటిబెల్లం పంచిండు. గది రాయి లెక్క ఉండె. కొరికితే నా పన్ను ఊడింది."

ఆ కొడుకు మా నాన్న.

"ఏ పన్ను?"

ఆలోచించకుండా కింది వరుసలో ముందుకు వేలు పెట్టాడు. "మల్ల వచ్చింది. గిప్పుడు మల్ల పోయింది" అని నోరు తెరిచి నవ్వాడు. అక్కడ ఖాళీయే ఉంది.

పిల్లలకు ముందు ఊడేవి ఆ పళ్లే. ఆరేడేళ్ల వయసు. మా నాన్న ఉయ్యాలలో ఉన్నప్పుడు ఈయనకు ఆరేడేళ్లు. లెక్క సరిపోయింది. చిన్నతాతను పూడ్చిన చోటు కూడా చెప్పాడు. రాయి మీద ఈయన తండ్రి పేరు, రాయి కింద మా చిన్నతాత. అసలు పేరు మాత్రం పైకి పలకక నా చెవిలో చెప్పాడు. ఇంకెవరికీ చెప్పనని మాటిచ్చాను, ఇక్కడా రాయను.

లేచాక గుర్తొచ్చింది.

"మామా, నువ్వు ఒకటి, మీ చెల్లె రెండు. నిశ్చితార్థంల మూడు చిటికెలు పెట్టినవ్. మూడోది ఎవలిది?"

ఆయన నులక చేతిలోకి తీసుకున్నాడు. "చెయ్యి వణికింది."

"ఉప్పు పంచేటప్పుడు వణకలే. నేను చూస్తనే ఉన్న."

"నీ బస్సుకు టైమైతుంది. జల్దీ పో."

తిరుగు బస్సులో ఆ మూడో చిటికెనే తిప్పి తిప్పి చూశాను. ఆ పొయ్యి దగ్గర ముగ్గురు పెరిగారు. పెంచుకున్న పిల్లవాడు ఒకరు, ఆడపిల్ల ఒకరు. మూడోవారు చిన్నతాతకు పుట్టిన కొడుకైతే? పన్ను ఊడింది పెంచుకున్న పిల్లవాడికి, నాతో మాట్లాడింది ఆ కొడుకు అయితే? ఒకే కంచంలో తిన్నవాళ్లకు ఒకరి పన్ను కథ మరొకరికి తెలియదా? మనిషి పేరునే తీసుకొని బతికిన ఇంట్లో పన్ను తీసుకోవడం ఎంతసేపు? అయినా ఆ వేలు ఒక్క క్షణం కూడా తడబడకుండా వెళ్లింది. నా దగ్గర ఉన్న రుజువు ఆ వేలే.

నేరుగా అన్న ఇంటికి వెళ్లి పెళ్లికి వరుస కుదురుతుందని చెప్పాను. వదిన నా ముందు నీళ్ల గ్లాసు పెట్టింది. ముందు తనకే చెప్పమని అడిగిన ప్రకారం కాకపోయినా, మా అమ్మాయి తలుపు వెనక నుంచి వింది. మూడో ఆదివారం చాటింపులో "అడ్డు తెలిసినవారు" అన్నప్పుడు చర్చిలో సగం మంది నావైపు తిరిగారు. నేను పాటల పుస్తకం చూస్తూ కూర్చున్నాను. నాకు తెలిసింది అడ్డు కాదు, తెలియనిది అడ్డో కాదో చెప్పలేను.

పెళ్లయి ఏడాది దాటింది. దుమ్ముగూడెం వెళ్లినప్పుడల్లా ఆయన్ను మామా అనే పిలుస్తాను, ఆయన పలుకుతాడు. భోజనం దగ్గర ఇప్పటికీ మూడు చిటికెలు పెడతాడు. రెండు అద్దుకుంటాడు, మూడోది అంచునే వదిలేస్తాడు. మా అమ్మాయి కంచం కడిగేటప్పుడు అది నీళ్లలో పోతుంది.

పోయిన నాలుగింటిలో మనిషి సంగతి తెలిసింది, పేరు తెలిసింది, పూడ్చిన చోటు తెలిసింది. నాలుగోదైన పిల్లల లెక్కలో మూడుకు రెండు వచ్చాయి. ఇంకా రావలసింది ఒకటి.