గంగారత్నం ఊడ్చిన అడవి

గంగారత్నానికి చెట్లంటే ప్రేమా లేదు, పగా లేదు. చల్లటి గదంటే మాత్రం ప్రాణం.

కువైట్‌లో ఆమె పనిచేసే ఇంటి యజమానురాలు, అమ్మ అనే అర్థంలో అందరూ మామా అని పిలిచే పెద్దావిడ, ఏటా వేసవికి చలిదేశం పోయి కొండ అడవిలో తిరిగొచ్చేది. మోకాళ్లు మొరాయించేసరికి అడవినే ఇంటికి తెప్పించుకుంది. పెరట్లో అద్దాలగది కట్టించి, రాత్రీపగలూ ఏసీ పెట్టించి, ఓక్, పైన్ చెట్లు నాటించింది. కువైట్ ఇసుక వాటికి సరిపడదట. పులుపున్న బంకమట్టి కావాలట. అది ఓడెక్కి వస్తే, సబ్హాన్ అనే చోటున్న గోదాము నుంచి బస్తాలు మోసిన డ్రైవర్ ఇమ్తియాజ్‌కు నడుం పట్టేసింది.

“పుల్లగుండాల్సింది పప్పు గదక్కా, మట్టేంది?” అని మూలిగాడు.

“వాళ్ల మట్టి, వాళ్ల పులుపు. నీకెందుకుబ్బా, మొయ్యి,” అంది గంగారత్నం.

ఈ గది ఎవరు చూసుకుంటారని మామా అడగ్గానే, వంటింటి సెగలో ఉడుకుతున్న గంగారత్నం ముందుకు దూకి, చెట్ల సంగతి తనకు కొట్టినపిండి అని కోసేసింది. ఆమెకు తెలిసినవల్లా మిరప, టమాటా. అయినా పని దక్కింది. పొయ్యి తోటి పనిమనిషి బుడేన్‌బీ పాలబడింది.

ఆ వేసవిలో మోకాళ్ల ఆపరేషన్‌కని విమానమెక్కుతూ, “నేనొచ్చేసరికి నా అడవి ఇలాగే ఉండాలి,” అంది మామా.

ఇలాగే అంటే శుభ్రంగా అనే గదా! రాయచోటి పక్కన పుట్టిన మనిషి, రాలిన ఆకును చూస్తూ ఊరుకోగలదా? పొద్దున్నే చీపురు పట్టి ఆకులూ, పైన్ పుల్లలూ నున్నగా ఊడ్చేది. వేళ్ల దగ్గర కుక్కగొడుగులు మొలిస్తే ఛీ అని పీకేసేది. చెట్ల ఆకులు పసుపురంగుకు తిరిగి పాలిపోసాగాయి. ఊళ్లో మిరపతోటకు చల్లినట్టే, మాంసం కాల్చే పొయ్యిలోని బూడిద తెచ్చి చల్లింది. ఇంకా పాలిపోయాయి. ఇంకాస్త చల్లింది.

చేతికర్ర ఊతంగా తిరిగొచ్చిన మామా గడపలోనే నిలబడిపోయింది. ఒక పైన్ నిలువునా ఎండిపోయింది. నేల మాత్రం పండగ వాకిలిలా తళతళలాడుతోంది.

“ఆకులేవి?”

“రోజూ ఊడ్చేసినా మామా,” అంది గంగారత్నం గొప్పగా.

“ఈ బూడిదేమిటి?”

“బలానికి.”

రాలిన ఆకు కుళ్లి మట్టిలో కలవడమే ఈ చెట్లకు తిండనీ, కుక్కగొడుగులే వేళ్లకు నీళ్లందిస్తాయనీ, బూడిద ఆ మట్టి పులుపును చంపేస్తుందనీ మామా చెప్పింది. ఖలాస్, మళ్లీ ఆ పొయ్యే గతి అనుకుంది గంగారత్నం. నిజం కక్కేసింది.

“నాకు చెట్లు తెలీవు మామా. వంటింట్లో ఉడకలేక అట్ల చెప్పినా.”

మామా చీపురు తన చేతిలోకి తీసుకుంది.

“మట్టి మార్పిస్తాను. నువ్వు నీళ్లు పోసి, కుర్చీ వేసుకుని కూర్చో. రాలిన ఆకును ముట్టుకోకు. ఎవరినీ ముట్టుకోనివ్వకు. నీ పని అంతే.”

మర్నాడు గంగారత్నం కుర్చీలో కూర్చుంది. ఎదురుగా ఓక్ ఆకు రాలింది. చేతులు జివ్వుమన్నాయి. రెండూ తొడల కింద పెట్టుకుంది. ఇంకో ఆకు రాలింది. పుట్టింట్లో గానీ, అత్తింట్లో గానీ, ఈ దేశంలో గానీ తనను ఊరికే కూర్చోమన్నవాళ్లు ఒక్కరూ లేరని అప్పుడు తట్టింది. కళ్లు ధారలు కట్టాయి.

టీ తెచ్చిన బుడేన్‌బీ గాభరాపడింది. “ఏందక్కా, కూచోనుండావు? ఒంట్లో బాగలేదా?”

గంగారత్నం కొంగుతో ముఖం తుడుచుకుంది.

“పనిలో ఉండా. పో.”