నైరుతి వాకిలి, నడిమి గోడ

2023 ఎండాకాలం. ఆళ్లగడ్డలో ఒక పాత మిద్దెకు వాకిలి మార్చాలని నన్ను పిలిచారు. నేను తాపీ మేస్త్రీని, పేరు ఓబులేసు. చదివింది ఐదో తరగతి వరకే. ఇంతవరకు గోడల మీద బొగ్గుతో కొలతలు రాసుకోవడమే గాని కాగితం మీద ఇంత రాసింది లేదు. తప్పులుంటే సర్దుకుని చదవండి.

పిలిచినాయన సుబ్బరాయుడన్న. పొలం ఉన్న మనిషి, నాకంటే పదేళ్లు పెద్ద. మా ఇద్దరికీ అచల బోధ చెప్పిన గురువు ఒక్కరే. ఆ బోధలో పటాలకు మొక్కడం లేదు, ముహూర్తం చూడడం లేదు. ఉండేది కదలని బయలు, అంటే ఆకాశం లాంటి ఖాళీ, ఒక్కటే, మిగిలిందంతా ఉన్నట్టు తోచేదే అంటారు. నెలకోసారి ఆ అన్న ఇంటి వసారాలోనే మేమంతా కూర్చునేవాళ్లం. అందరికంటే బాగా మాట్లాడేది ఆయనే. గుడికి పోయే వాళ్లను చూసి నవ్వేది కూడా ఆయనే.

ఆయన భార్య రామలక్షుమ్మకు అప్పటికి మూడు నెలలుగా తల తిరుగుతోంది. రెండుసార్లు వంటింట్లో పడిపోయింది. ఆసుపత్రికి పోకముందే నంద్యాల నుంచి ఒక వాస్తు ఆయనను పిలిపించారు. నైరుతి మూల వాకిలి ఉంది కాబట్టే ఇంటి ఆడమనిషికి ఈ బాధ, దాన్ని మూసేసి నడిమి గోడలో వాకిలి పెట్టమని ఆయన గీత గీసి ఇచ్చాడు.

ఆ గీత పట్టుకుని నడిమి గోడ దగ్గర నిలబడ్డాను. మట్టితో కట్టిన రాతి గోడ అది. పాత మిద్దెల్లో మధ్యన ఒక పెద్ద మాను ఉంటుంది, దూలం అంటాం. దాని మీద దంతెలు, అంటే అడ్డంగా పరిచే సన్న మాన్లు, దంతెల మీద నాపరాళ్లు, ఆ పైన మోకాలెత్తు మట్టి. ఆ బరువంతా దూలం కొనల మీద, కొనలు గోడ మీద. ఇట్లా బరువు మోసే గోడను లోడ్ బేరింగ్ గోడ అంటారు. వాస్తు ఆయన గీత గీసింది సరిగ్గా దూలం కొన కిందనే. రామలక్షుమ్మ మంచం ఆ దూలం కిందనే ఉంది.

ఇక్కడ వాకిలి కొడితే మిద్దె దిగుతుందని చెప్పాను. పైన ఇనుప కమ్మి వేసి కొట్టమన్నాడు అన్న. మట్టితో కట్టిన గోడకు కమ్మి పట్టదని చెప్పాను. వాస్తు ఆయన అంతా చూసే చెప్పాడని అన్న, గోడను తట్టి చూడనైనా లేదని నేను. చివరికి, మన బోధలో ఇవన్నీ వదిలేశాం కదా అన్నా అని అడిగాను.

"అది మూఢనమ్మకం. ఇది శాస్త్రం. రెండిటికీ తేడా తెలీకుండానే బోధకు వస్తాండావా నువ్వు?" అన్నాడు.

ఏ శాస్త్రమైనా ఆ గోడ నేను కొట్టనన్నాను. అప్పుడు ఆయన నవ్వి ఒక మాట అన్నాడు.

"నంద్యాలలో నువ్వు కట్టే బిల్డింగు చూసినాలేప్పా. ముందర బూడిద గుమ్మడికాయ, పైన దిష్టి బొమ్మ. అవి యాడ బోధలో ఉండాయి?"

ఆయన అన్నది నిజం. పని నేర్చుకున్న రోజు నుంచి మా మేస్త్రీ కట్టాడు, నేనూ కట్టాను. కూలోళ్లు అడుగుతారు, ఇంటి ఓనరు అడుగుతాడు అని నాకు నేను చెప్పుకునేవాణ్ణి. కానీ గుమ్మడికాయ కుళ్లి పడిపోతే ఎవరూ అడక్కముందే కొత్తది తెచ్చింది నేనే. నువ్వు కాకపోతే ఇంకో మేస్త్రీ వస్తాడు, ఎల్లుండి పని మొదలు అని అన్న తేల్చి చెప్పాడు.

నంద్యాల బస్సులో కూర్చుని అదే ఆలోచించాను. మర్నాడు పొద్దున్నే పనికాడికి పోయి గుమ్మడికాయ తాడు కోశాను. బొమ్మను కూడా దింపాను. ఇన్నేళ్లు బోధ విన్నవాణ్ణి, తాడు కోసేముందు ఎవరన్నా చూస్తున్నారా అని అటూ ఇటూ చూశాను. కొత్త మేస్త్రీనైతే ఎవరికీ చెప్పకుండా మళ్లీ కట్టేసేవాణ్ణేమో.

ఇసుక మోసే మద్దమ్మ తట్ట కింద పెట్టేసింది. "ఎవరన్నా పడితే ఎవరిదన్నా పూచీ?" అంది.

నాదే పూచీ అన్నాను. అన్నాక ఊరికే ఉంటే కుదరదు కదా. పరంజా ఎక్కాను. పరంజా అంటే పైన పని చేయడానికి కర్రలతో కట్టే మంచె. ఒక్కో ముడి పట్టి లాగి చూశాను. నాలుగు ముడులు వదులుగా ఉన్నాయి. కాళ్ల కింది చెక్క పలక ఒకటి చివర పగిలింది. నిన్నటిదాకా మేమంతా దాని మీదే నడిచాం. బొమ్మ వేలాడుతోంది కదా అని ఎవరమూ చూడలేదు. ముడులన్నీ బిగించి, పలక మార్చి, మద్దమ్మను పిలిచి చూపించాక ఆమె తట్ట ఎత్తుకుంది.

ఆ సాయంత్రమే ఆళ్లగడ్డకు వెనక్కు పోయాను. అన్న వసారాలోనే ఉన్నాడు, రామలక్షుమ్మ గడప దగ్గర స్తంభానికి ఆనుకుని కూర్చుంది.

"నాది దింపేసినానన్నా. ఇప్పుడన్నా నా మాట వింటావా?" అన్నాను.

దానికీ దీనికీ సంబంధం లేదన్నాడు. నేను అనుమతి అడగలేదు. లోపలికి పోయి నిచ్చెన వేసుకుని దూలం కొన దగ్గర పూత రాల్చాను. చెద లోపలికంటా పోయింది. సన్న గడారి, అంటే ఇనుప గునపం, పెట్టి నెడితే జానెడు లోతు దిగింది. కొన కింద రాయి కూడా సగానికే ఆనుకుంది. ఈ గోడ కదలకుండా ఉంది కాబట్టి ఇది నిలబడింది, రేపు సుత్తి దెబ్బ పడితే మంచం మీదికే వస్తుంది అని చెప్పాను. వెనకే వచ్చిన అన్న పైకి చూసి, ఈ చెద కూడా నైరుతి దోషమే అయి ఉంటుందన్నాడు.

అప్పుడు రామలక్షుమ్మ మాట్లాడింది. ఆమెకు ఎవరూ బోధ ఇవ్వలేదు. ప్రతి నెలా మాకు కాఫీలు ఇస్తూ గడప దగ్గర నిలబడి విన్నదే.

"బయలుకు దిక్కుల్లేవని నువ్వే కదా అందరికీ చెప్తాండేది. మరి దానికి నైరుతి మూల యాడ్నుంచి వచ్చింది?" అంది.

ఆమె అక్కడితో ఆగలేదు.

"తల తిరిగేది నాకు. ఆ దూలం కింద పండుకునేదీ నేనే. గోడనడిగినారు, మూలనడిగినారు. నన్ను ఒక్కరన్నా అడిగినారా, ఆసుపత్రికి పోదామా అని?"

అన్న బయటికి వచ్చి, ఫోనులో ఆ రెండో మేస్త్రీని రావద్దని చెప్పాడు. నా వైపు చూడకుండానే, దూలానికి ఏం చేయాలో చెయ్యమన్నాడు.

మర్నాడు వాళ్లు నంద్యాల ఆసుపత్రికి పోయారు. ఒంట్లో రక్తం బాగా తక్కువగా ఉందన్నారట. మందులు రాశారు, మళ్లీ మళ్లీ రమ్మన్నారు. పూర్తిగా తగ్గడానికి చాలా నెలలు పట్టింది, మధ్యలో ఇంకోసారి పడింది కూడా. మేము దూలం కింద రెండు జాకులు పెట్టి, అంటే బరువును కింద నుంచి ఎత్తిపట్టే ఇనుప కాళ్లు పెట్టి, చెడిన కొన కోసి, ఇనుప గర్డరు తోడు ఇచ్చి, కింద కొత్త రాయి కూర్చాం. నైరుతి వాకిలి ఎక్కడ ఉండేదో అక్కడే ఉంది.

బోధ విన్నవాడు మూఢనమ్మకాన్ని ఎట్లా చూడాలని ఇప్పుడు మా వాళ్లలో కొత్తవాళ్లు అడుగుతుంటారు. పెద్ద మాటలు నాకు రావు. ఎదుటివాడి గుడిని చూసి నవ్వితే భయం పోయినట్టు కాదు. భయం మనలో ఎక్కడ దాక్కుందో వెతికి పట్టుకోవాలి. శాస్త్రమనో, అలవాటనో, కూలోళ్ల కోసమనో అది పేరు మార్చుకుని ఉంటుంది. నమ్మకం మనల్ని గోడ తట్టి చూడనీయకపోతే, మనిషిని పలకరించనీయకపోతే దాన్ని ఉంచుకోకూడదు. నేను ఉంచుకోను. దీనివల్ల నాకు పని ఇవ్వనివాళ్లు ఇద్దరు ముగ్గురు ఉన్నారు, ఉండనీ. ఏ ఇంట్లో పని ఒప్పుకున్నా ఇప్పుడు మొదట అడిగేది ఒక్కటే. బరువు ఎక్కడ ఉంది, దాని కింద ఎవరు పడుకుంటారు.