ఆషాఢం ధరకి చెర్రీపూలు

వాషింగ్టన్‌లో చెర్రీపూల రోజుల్లో ఆ చెట్లున్న కొలను పక్కనే, పార్కింగుకి పైసా ఇవ్వకుండా కారు నిలిపిన తెలుగువాడు ఎవరైనా ఉన్నాడా అంటే, అది నేనే. ఆ ఘనత సాధించడానికి పెద్దగా కష్టపడలేదు. మా అత్తగారిని శనివారం తీసుకెళ్ళాల్సింది, సోమవారం తీసుకెళ్ళాను. అంతే. ఈ ఉదయం మా ఆవిడ ఫోన్‌లో పూల కబురు చూసి, "ఈ శనివారం వెళ్తున్నాం. కార్ ఎక్కడ పార్క్ చేస్తారో మీ ఇష్టం" అంది. అడగడం కాదు, చెప్పడం. ఇంట్లో బియ్యం బస్తా నుంచి ఇన్సూరెన్స్ దాకా అన్నిటికీ నా సలహా తీసుకునే మనిషి ఈ ఒక్క విషయంలో ఎందుకు తీసుకోదో చెప్పాలంటే ఎనభైల మొదటికి వెళ్ళాలి.

మాది చీరాల బజారులో బట్టల కొట్టు. తానుల మధ్యే నడక నేర్చాను. ఆషాఢంలో పెళ్ళిళ్ళుండవు కనక కొట్లో ఈగలు తోలుకోవడమే పని; అప్పుడు మా నాన్న ధరలు దించేవాడు. శ్రావణం రాగానే అదే చీర, అదే అంచు, ధర మాత్రం పైకి. ఆ పై డబ్బులు చీరకి కాదు, శ్రావణానికి ఇస్తున్నారని నాకు చిన్నప్పుడే అర్థమైపోయింది. జనం ఎగబడినప్పుడు ఏదీ కొనకూడదు, ఏదీ చూడకూడదు అన్నది అప్పటినుంచి నా సిద్ధాంతం. మేరీలాండ్‌లో ఉద్యోగానికి చేరి, పక్కనే ఉన్న రాజధానిలో మ్యూజియాలన్నీ ఉచితమని విన్నప్పుడు నేను నమ్మలేదు. లోపలికి ఊరికే పంపి, బయటికొచ్చేటప్పుడు అడుగుతారేమోనని మొదటిసారి జేబులో చిల్లర పట్టుకునే తిరిగాను. అడగలేదని తేలాక ఇక బేరమాడటానికి మిగిలింది రద్దీ ఒక్కటే. ఊరంతా వేసవిలో చూసేవాటిని నేను జనవరిలో చూసేవాణ్ణి.

మా పెద్దాడి పురిటికి అత్తగారు బందరు నుంచి వచ్చేసరికి నవంబరు చివరికొచ్చింది, ఆకులన్నీ రాలిపోయాయి. అపార్ట్‌మెంట్ కిటికీలోంచి చూసి, "ఈ చెట్లకి తెగులేమైనా వచ్చిందా బాబూ?" అని అడిగారు. తెగులు కాదు, చలి అని చెప్పాను. పైకి తలూపారు గాని, నమ్మినట్టు లేదు. బాలింతని, పసివాణ్ణి ఇంట్లో వదిలి బయటికి రావడం ఆవిడకి ఇష్టం లేకపోయినా, ఆదివారాలు మా ఆవిడే బలవంతాన పంపేది. చీర మీద నా పాత ఓవర్‌కోటు, సాక్సుల మీద హవాయి చెప్పులు. అంతరిక్ష మ్యూజియంలో చంద్రుడి మీంచి తెచ్చిన రాయి ముక్కని ఎవరైనా ముట్టుకోవచ్చు. ఆవిడ ముట్టుకుని కళ్ళకద్దుకున్నారు. తర్వాత వెనక్కి తిరిగి చూసి, క్యూలో ఎవరూ లేరని రూఢి చేసుకుని, మావగారి తరఫున ఇంకోసారి ముట్టుకున్నారు. అక్కడ నిలబడ్డ గార్డు టోపీ సవరించుకున్నాడు. చూశారా, వేసవిలో అయితే ఈ రెండోసారి దక్కేదా అని నేను గర్వపడ్డాను. మరో ఆదివారం ఆకాశాన్నంటే తెల్లటి వాషింగ్టన్ స్మారకస్తంభం పైకి లిఫ్టులో తీసుకెళ్ళాను. పైనంతా పొగమంచు. "క్యూ లేదు చూశారా అత్తయ్యగారూ" అన్నాను. "కనపడేది కూడా లేదు బాబూ" అన్నారు.

ఆవిడ నోరు తెరిచి అడిగింది ఒక్కటే. బందర్లో పెరటి నిండా పూలు. సాయంత్రమయ్యేసరికి ఒళ్ళో దారం, చేతిలో మాల. ఇక్కడ దేవుడి పటం ముందు అక్షింతలతోనే సరిపెట్టేవారు. కొట్లో పూలు ఉండకపోలేదు. వాటి ధర చూసి నేనే ఆవిణ్ణి అటు వెళ్ళనిచ్చేవాణ్ణి కాదు. వంటింట్లో సరుకుల కొట్టువాళ్ళిచ్చిన కేలండరు ఉండేది. దాని ఏప్రిల్ పేజీలో వాషింగ్టన్ కొలను, చుట్టూ లేత గులాబీరంగు చెట్లు. ఆవిడ తాలింపు వేస్తూ మధ్యలో ఆ పేజీ ఎత్తి చూసుకోవడం నేను చాలాసార్లు చూశాను. "నేను వెళ్ళేలోపల ఇవి పూస్తాయా?" అని కూతుర్ని అడిగారట. తిరుగు ప్రయాణం ఏప్రిల్లో, ఒక బుధవారం.

ఆ ముందు గురువారం పూలు విచ్చుకున్నాయి. "శనివారం వెళ్దామండీ. రేడియోలో ఫుల్ బ్లూమ్ అంటున్నారు" అంది మా ఆవిడ.

"శనివారం మేరీలాండూ వర్జీనియా కలిసి అక్కడే ఉంటాయి. గరాజ్‌వాడు నాలుగు డాలర్లు లాగుతాడు. సోమవారం హాఫ్ డే లీవ్ పెడతాను. పార్కింగ్ ఫ్రీ, జనం ఉండరు, అత్తయ్యగారు తీరిగ్గా చూసుకోవచ్చు."

"పూలు మీ లీవ్ దాకా ఆగుతాయా?"

"పూలెక్కడికి పోతాయే?"

అత్తగారు పిల్లాడికి నూనె రాస్తూ మా ఇద్దర్నీ చూశారు. "బాబు చెప్పినట్టే కానీలేవే. పనిమానుకుని తీసుకెళ్తానంటున్నారు కదా" అన్నారు. నేను గెలిచాననుకున్నాను.

శనివారం ఎండ కాసింది. ఆదివారం మధ్యాహ్నం భోజనాల వేళ గాలి మొదలైంది, వెనకే వాన. మా ఆవిడ కిటికీ దగ్గర నిలబడింది. నా వైపు తిరగలేదు. ఆవిడ తిట్టి ఉంటే జవాబు చెప్పేవాణ్ణి.

సోమవారం నేననుకున్నట్టే జరిగింది. జనం లేరు. కొలను పక్కనే కారు పెట్టాను. చెట్లకి ఎర్రటి తొడిమలు, అక్కడక్కడా లేత ఆకు. పూరేకులన్నీ నీటి మీద తేలుతున్నాయి, బాట మీద తడిసి బూట్లకి అంటుకుంటున్నాయి. మా ఆవిడ పిల్లాణ్ణి ఎత్తుకుని, తలుపు తీసిపెట్టి, కార్లోనే కూర్చుంది. అత్తగారు గట్టు దాకా నడిచి, వంగి కాసిని రేకులు తీసుకుని అరచేతిలో పరిచి చూసుకున్నారు.

"ఇవి తీసుకెళ్దామా, పూజకి?" అన్నాను, ఏదో ఒకటి అనాలి కనక.

"కింద పడ్డవి పనికిరావు బాబూ. పారిజాతాలైతే తప్ప." నీళ్ళవైపు చూస్తూనే అడిగారు. "మీ నాన్నగారి కొట్లో ఆషాఢానికి మిగిలేవి ఏ రకం చీరలు?"

పెళ్ళిళ్ళ రోజుల్లో అమ్ముడుపోని రకం. నేను వంగి బూటుకి అంటిన రేకు గీరాను. ఆవిడ నవ్వి, రేకులు నీళ్ళలో వదిలి, చెయ్యి కొంగుకి తుడుచుకున్నారు. "చూశాను కదా, ఫరవాలేదు. పిల్లాడికి గాలి తగులుతోంది, పదండి."

తిరిగి వస్తూ ఒక పూలకొట్టు ముందు కారాపాను. పసుపుపచ్చ చామంతులు చేతికందినన్ని తీసుకుని, ఎంతని అడగకుండా ఇరవై డాలర్ల నోటిచ్చి, అతనిచ్చిన చిల్లర జేబులో వేసుకున్నాను. కార్లో ఆవిడ ఆ పూలగుత్తి అటూ ఇటూ తిప్పి చూశారు.

"ఎంతయింది బాబూ?"

"చవగ్గానే ఇచ్చాడు."

"మీరు బేరమాడటం నాకు కనపళ్ళేదే" అన్నారు. వెనక సీట్లోంచి మా ఆవిడ ఆదివారం తర్వాత మొదటిసారి నవ్వింది. ఇంటికెళ్ళాక అత్తగారు దారం తెమ్మని, కూర్చుని, మాల కట్టారు. సగం దేవుడికి, సగం కూతురి జడకి. బుధవారం వెళ్ళిపోయారు.

ఆవిడ తర్వాత రెండుసార్లు వచ్చారు. చిన్నాడి పురిటికి ఆగస్టులో, మళ్ళీ ఒకసారి, మావగారు పోయాక, డిసెంబర్లో రెణ్ణెల్ల కోసం. రెండుసార్లూ వీసా, టికెట్టు, ఆరోగ్యం కుదిరినప్పుడు వచ్చారు గాని, చెట్లు పూసినప్పుడు కాదు. ఆ పైన రాలేదు.

వ్యాపారస్తుడి కొడుకుని కనక లెక్క దాచను. పార్కింగులో మిగిలింది నాలుగు డాలర్లు. చామంతులకి అయింది పద్నాలుగు. హాఫ్ డే లీవ్ వేరే. డబ్బు వరకైతే నష్టం చిన్నదే, ఆ నెలలోనే పూడ్చేశాను. ఆవిడ అడిగిన ఒకే ఒక్క రోజు మాత్రం శనివారం పూర్తి ధరకి నా ఎదుట ఉంది, రెండ్రోజులాగితే తగ్గుతుందనుకున్నాను. కాలం దగ్గర పాత సరుకు ఉండదని, మా నాన్న కొట్లో ఎంతకాలం కూర్చున్నా నాకు తెలియలేదు.