అక్క పడవ మోటారు మూత

మా ఆయన్ని ఈ ఒడ్డున అందరూ మోటారు డాక్టరు అంటారు. పడవ వెనక తగిలించే పాత టూ స్ట్రోక్ మోటార్లు బాగుచేయడం ఆయన పని. ముప్పై ఏళ్ళుగా ఇదే. చెయ్యి మంచిదే, నేను కాదనను. చెవులతోనే వచ్చిన చిక్కంతా. మోటారు తెచ్చినవాళ్ళు నోరు తెరవగానే "మీకేం తెలుసు, నేను మోటారునే అడుగుతా" అంటారు. ఇంట్లోనూ అంతే. గడప దగ్గర తడిగా ఉంది, జారతారు అని చెప్తే, జారాకే నమ్ముతారు.

మా అక్కకి ఒక పడవ ఉంది. సరస్సు అవతలి ఒడ్డు నుంచి మనుషుల్ని తెచ్చి దింపుతుంది. ఈసారి పరీక్షల వారం పిల్లల్ని దాటించే పని బడివాళ్ళు మొదటిసారి అక్కకి అప్పగించారు. సోమవారం పొద్దున ఎనిమిదింటికి మొదలు. అది సవ్యంగా జరిగితే ఏడాది పొడుగునా పిల్లలు అక్క పడవే ఎక్కుతారు. జరక్కపోతే ఎక్కించుకోవడానికి అవతలి రేవులో పెద్ద పడవాయన సిద్ధంగానే ఉన్నాడు.

సరిగ్గా దానికి వారం ముందు అక్క మోటారులో నీళ్ళు కారడం మొదలైంది. ఇంజను కాలిపోకుండా మోటారు కింద నుంచి సరస్సు నీళ్ళు లాక్కుని, లోపలంతా తిప్పి, మళ్ళీ బయటికి వదులుతుంది. ఆ నీళ్ళు దారిలో ఎక్కడో తప్పించుకుని ప్లగ్గుల మీద పడుతున్నాయి. సరస్సు నడిమధ్య రెండుసార్లు ఆగిపోయింది.

అక్క మోటారుని షెడ్డుకి తెచ్చి మొదటి మాటగానే చెప్పింది. "మూత బిగించి నడిపితేనే కారుతోంది మరిదిగారూ. మూత తీసి నడిపి చూశాను, చుక్క లేదు."

"మూతంటే పైన పెట్టే ప్లాస్టిక్ డొప్ప వదినా! దాన్లో నీళ్ళెక్కడివి?" అని ఈయన నవ్వేశారు. "హెడ్డు కింద గాస్కెట్టు పోయుంటుంది. సాయంత్రానికి ఇచ్చేస్తా."

ఇచ్చేశారు. ఇంజను నెత్తిన బోల్టులతో బిగించే దిమ్మే హెడ్డు, దాని కింద నీళ్ళు కారకుండా వేసే పల్చటి అట్టే గాస్కెట్టు. దాన్ని మార్చి, మోటారుని నీళ్ళ డ్రమ్ములో నిలబెట్టి, మూత తీసి, ఇంజనంతా గుడ్డతో పొడిగా తుడిచి, మీద సుద్దపొడి చల్లి నడిపారు. సుద్దపొడి మీద తడి చార ఎక్కడ మొదలైతే అక్కడే కారుతున్నట్టు లెక్క. చార పడలేదు. అక్క సంతోషంగా తీసుకెళ్ళింది, గంటలో తడిసిన ప్లగ్గులతో తెడ్డు వేసుకుంటూ తిరిగొచ్చింది.

రెండోసారి హెడ్డు విప్పారు. మూడోసారి విప్పారు. పక్కనున్న ఎగ్జాస్టు మూతా, థర్మోస్టాటు మూతా విప్పి వాటికీ కొత్త గాస్కెట్లు వేశారు. డ్రమ్ములో ప్రతిసారీ సుద్దపొడి తెల్లగా పొడిగా ఉంటుంది, సరస్సులో ప్రతిసారీ కారుతుంది. షెడ్డు నేలంతా పాత గాస్కెట్లు. నాకు తల ప్రాణం తోకకొచ్చింది. "అక్క చెప్పింది ఒక్కసారి చూడకూడదూ?" అంటే ఒంటికాలి మీద లేచారు. "పడవ బరువు లాగేటప్పుడు హెడ్డు లేస్తోంది, అంతే! మధ్యలో మూత గోలేంటి?"

ఆదివారం పొద్దున అక్క మళ్ళీ వచ్చింది. కళ్ళ కింద నల్లగా ఉంది. "మరిదిగారూ, మీకు దణ్ణం పెడతా. మూత పెట్టి చూడండి."

"ఇంకో పావు చుట్టు బిగిస్తే సరిపోతుంది వదినా" అంటూ ఈయన హెడ్డు బోల్టుకి స్పానరు తగిలించారు. ఆ బోల్టుని అప్పటికే మూడుసార్లు, ప్రతిసారీ ఇంకాస్త గట్టిగా బిగించి ఉన్నారు. టక్కుమంది. బోల్టు తల స్పానరుతోపాటు చేతిలోకొచ్చింది. మిగతా ముక్క ఇంజను లోపలే ఉండిపోయింది.

ఆయన ఆ తలని అరచేతిలో పెట్టుకుని స్టూలు మీద కూలబడ్డారు. నాకు జాలి కలగలేదు, కడుపు మండింది.

అక్క ఆయన్ని అడగలేదు. డబ్బా తీసి సుద్దపొడి తనే చల్లింది, మూత పెట్టి క్లిప్పు బిగించింది, తాడు లాగింది. నిమిషం నడిపి, ఆపి, మూత ఎత్తింది.

రెండు తడి చారలున్నాయి. ఒకటి విరిగిన బోల్టు దగ్గర, ఆ పొద్దున మా ఆయన స్వహస్తాలతో తయారు చేసింది. రెండోది, పక్కనుంచి సన్నటి ధారగా నీళ్ళు బయటికి పోయే రబ్బరు గొట్టం దగ్గర. జానెడు గొట్టం. దాని వెనక ఒక పగులు. మామూలుగా మూసుకునే ఉంటుంది, మూత నొక్కితే తెరుచుకుంటుంది.

మూత ఎందుకు నొక్కుతోంది? అక్క దాన్ని తిరగేసింది. లోపలివైపు మందపాటి నల్ల రబ్బరు ముక్క అతికించి ఉంది. మూత గలగలలాడుతోందని పోయినేడు మా ఆయనే అతికించారు. ఏడాదిగా అది ఆ గొట్టాన్నే నొక్కుతూ వచ్చింది.

గొట్టం మార్చడానికి అయిదు నిమిషాలు పట్టింది. ఆ రబ్బరు ముక్క పీకడానికి రెండు నిమిషాలు. లోపల ఇరుక్కున్న బోల్టు ముక్క మాత్రం రాలేదు. దాని మధ్యలో కన్నం చేసి, వెనక్కి తిప్పి, నూనె పోసి, వేడిచేసి, ఆదివారమంతా కుస్తీ పట్టారు. అక్కడ కొత్త బోల్టు బిగించకుండా మోటారుని సరస్సులోకి దింపితే హెడ్డు నిజంగానే లేస్తుంది.

సోమవారం ఎనిమిదింటికి ఆయన ఇంకా దాని మీదే వంగి ఉన్నారు. అక్క షెడ్డు గుమ్మంలో నిలబడి సరస్సు వైపు చూస్తోంది. పెద్ద పడవాయన పడవ మా ముందునుంచే పోయింది. పిల్లలు పుస్తకాలు ఒళ్ళో పెట్టుకుని ఆఖరిసారి చదువుకుంటున్నారు. ఒక పాప అక్కని గుర్తుపట్టి చెయ్యూపింది. అక్క కూడా ఊపింది.

మా ఆయన డ్రిల్లు ఆపారు. ఇన్నేళ్ళలో ఆయన నోట నేను వినని మాట అప్పుడు విన్నాను.

"తప్పు నాదే వదినా. మీరు మొదటిరోజే చెప్పారు."

"నాలుగుసార్లు చెప్పాను మరిదిగారూ" అంది అక్క, ఆ పడవ మీంచి చూపు తిప్పకుండా.