బస్తా మూతి కాయ

మా ఊళ్లో అరవై దాటినవాళ్లకు బడి పెట్టారు. పెనుబల్లి నుంచి అడవి వైపు వచ్చే రోడ్డు మీద మాది దాదాపు చివరి ఊరు. నెలలో మొదటి గురువారం పొద్దున్నే పల్లె దవాఖానా నర్సమ్మ వచ్చి, పంచాయతీ ఆఫీసు వరండాలో కుర్చీలు వేయించి, ముసలితనం ఎలా గడపాలో మాకు నేర్పేది. అన్నం తక్కువ, కూర ఎక్కువ. రోజూ నడక. రాత్రి పడుకునే ముందు అరికాళ్లు చూసుకోవడం. నలభై ఏళ్లు మిరపతోటల్లో తిరిగినవాణ్ణి కూర్చోబెట్టి నడక గురించి చెబుతుంటే నాకు ఒళ్లు మండేది. కుర్చీలో కూర్చుని చేతులూపే కసరత్తు ఒకటి ఉండేది. మేం చేస్తుంటే బస్సు దిగినవాళ్లు ఆగి మరీ చూసేవాళ్లు.

పాఠానికి ముందు పరగడుపున వేలికి సూది గుచ్చి షుగర్ చూసేది. తక్కువ వచ్చినవాళ్ల పేర్లు బోర్డు మీద రాసి చప్పట్లు కొట్టించేది. తంటా అంతా అక్కడే వచ్చింది. చప్పట్లంటే అరవై ఏళ్లవాడికీ ఆశే కదా.

మార్కెట్ యార్డుకు మిర్చి తోలినవాడికి ఈ పరీక్ష ఒక లెక్కా? బస్తా మూతి దగ్గర నిగనిగలాడే కాయ పెడతాం, రంగు పోయిన తాలు కాయను నడుమకు తోస్తాం. ఖరీదుదారు చెయ్యి ఎంత లోతుకు పెడతాడన్నది మన అదృష్టం. నేనూ అదే చేశాను. మంగళవారం నుంచి అన్నం బంద్. జొన్న రొట్టె, కాకరకాయ రసం, కాలువ దాకా నడక. బుధవారం సాయంత్రం నుంచి మంచినీళ్లు తప్ప ఏమీ లేవు. గురువారం సూది గుచ్చించుకుని, చప్పట్లు కొట్టించుకుని, తిన్నగా హోటల్‌కు పోయి రెండు చెంచాల చక్కెర టీ, నాలుగు మిర్చి బజ్జీలు. నెలకు రెండు రోజులే నేను పతివ్రతను.

నా చెల్లెలి మొగుడిది కూడా మా ఊరే. ఒకరినొకరం బావా అనే పిలుచుకుంటాం. ఆయనకు షుగర్ నాకంటే ముందు నుంచే ఉంది. బోర్డు మీద పేరు పడలేదని ఒకసారి మొహం మాడ్చుకుంటే, చిట్కా చెప్పాను.

"గింతేనా బావా? ముందే చెప్పొద్దా," అన్నాడు.

మూడు నెలలు వరసగా బావ పేరే బోర్డు మీద మొదట. నర్సమ్మ ఆ అంకెలు పెద్ద డాక్టరుకు చూపించింది. ఆయన చూసి, ఇంత తగ్గితే కళ్లు తిరిగి పడతాడని రాత్రి గోలీ ఆపేయమన్నాడు. బావ ఆ రోజు సంతోషం పట్టలేక ఊరంతా బూందీ లడ్డూలు పంచాడు. నేను రెండు తిన్నాను.

కొన్నాళ్లకు ఒక ఆదివారం చెల్లె మా ఇంటికి వచ్చింది. గడపలోనే నిలబడింది.

"అన్నా, ఆయన కాలికి ముల్లు గుచ్చుకుంది. ఎప్పుడు గుచ్చుకుందో ఆయనకే ఎరుక లేదు. బండల మీద నెత్తురు మరకలు చూసి నేనే పట్టుకున్న. పసుపు పెడుతున్నడు, మానుతలేదు. వేలు నల్లబడ్డది. షుగర్ తగ్గిందన్నరు కదా, మరి గిట్లెందుకైతుంది?"

ఎందుకో నాకు తెలుసు. చెప్పాలంటే నా బండారమూ బయటపడుతుంది. పైగా వచ్చే గురువారం నన్ను లేచి నిలబడి, షుగర్ ఎలా అదుపులో పెట్టుకున్నానో అందరికీ చెప్పమంది నర్సమ్మ. "చూద్దాంలే, గురువారం ఆమె వస్తది కదా, అడుగుదాం," అన్నాను. చెల్లె నా మొహం కాసేపు చూసి వెళ్లిపోయింది.

గురువారం రానే వచ్చింది. బావ కాలికి గుడ్డ చుట్టుకుని, కుంటుకుంటూ వచ్చి వెనక వరసలో కూర్చున్నాడు. ఆ రోజు కూడా పరగడుపే, ఆ రోజు కూడా మంచి అంకే. నన్ను లేపారు. తయారు చేసుకున్న ఉపన్యాసం పక్కన పెట్టేశాను.

"మేడమ్, మీ బోర్డు మీద ఉన్నయన్నీ బస్తా మూతి కాయలే," అన్నాను. "రెండు దినాలు కడుపు మాడ్చుకుని వస్తున్నం. బావకు నేర్పింది నేనే. ఆయన గోలీ ఆపుడు తప్పు. ఒకసారి ఆ కాలు చూడండి."

ముందు వరసలో ఉన్న ముసలామె, "నేను గూడ మంగళారం నుంచి మెతుకు ముట్టలే," అంది. ఆమె పక్కనున్నాయన, "నేను సోమారం నుంచి," అన్నాడు, నెగ్గినవాడిలా. చూస్తే బడి మొత్తం నా శిష్యులే. నర్సమ్మ ఒక్క తిట్టు తిట్టలేదు. బావ కాలి గుడ్డ విప్పి, చూసి, ఫోన్ తీసింది.

ఆ పూటే ఖమ్మం తీసుకుపోయాం. వేలు తీసేశారు. కాలు దక్కింది. బావ లోపల ఉండగా డాక్టరు వరండాలో చెల్లెకూ నాకూ కలిపి చెప్పాడు: ఒక నాలుగు రోజుల ముందు తెచ్చి ఉంటే వేలు కూడా దక్కేదేమో. ఆదివారం నుంచి గురువారానికి వేళ్లు మడిచి లెక్క వేసుకున్నాను. చెల్లె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కిటికీ వైపు తిరిగింది.

ఇప్పుడు నర్సమ్మ ఏ రోజు వస్తుందో ఎవరికీ తెలియదు. మూడు నెలల తిండి ఒక్కసారే బయటపెట్టే నెత్తురు పరీక్ష కూడా చేయిస్తోంది. బోర్డు లేదు, చప్పట్లు లేవు. నేను నిజంగానే నడుస్తున్నాను. రోజూ పొద్దుగూకే ముందు బావ ఇంటికి పోయి, ఆయన కాలు నా ఒళ్లో పెట్టుకుని అరికాలు చూస్తాను. ఆయన వంగలేడు, చెల్లెకు దగ్గరి చూపు ఆనదు. తొలిరోజు సిగ్గుపడ్డాడు గానీ ఇప్పుడు పేపర్ చదువుకుంటూ కాలు చాపుతాడు.

ఎవరైనా పలకరించడానికి వస్తే, "మా బావ అందరి ముంగట నిలబడి చెప్పబట్టి ఈ కాలున్నది. అవ్ కాదే?" అని చెల్లెను అడుగుతాడు.

చెల్లె ఇప్పటి వరకు ఒక్కసారి కూడా అవ్ అనలేదు.